జగన్నాథ్ గీసిన పచ్చిక

రాయచూరు బట్టల బజారులో తాతల నాటి దుకాణం ఉన్న ఇంట్లో పుట్టాడు జగన్నాథ్. అన్నలిద్దరూ గజంబద్ద పట్టుకుని పెరిగారు. ఇతను మాత్రం బట్టల మూటలకు చుట్టి వచ్చిన కాగితాల మీద వేపకొమ్మలు గీస్తూ మూల కూర్చునేవాడు.

“చెట్లను దేవుడు మొలిపిస్తడు. గీసేటోనికి కూడు ఎవడు పెడ్తడురా?” అని తండ్రి గదమాయించేవాడు.

పెట్టేవాళ్లు దొరికారు. హైదరాబాదులో సర్కారీ తోటల్లో కొన్నాళ్లు పని నేర్చుకుని, బొంబాయి వెళ్లి తోటల రూపకల్పన చదివి, జగన్నాథ్ తిరిగి వచ్చేసరికి తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు జిల్లాలోకి దిగుతున్నాయి. కాలువ వెంట బంగళాలు, కాలనీలు లేస్తున్నాయి. వాటి చుట్టూ ఎక్కడ చూసినా తవ్విపోసిన మొరం, పేల్చిన రాయి. ఆ నేలకు ఒక రూపు తేవడానికి మనిషి కావాలని ఇంజనీర్లకు అనిపించింది. దఫ్తర్‌లో అతని ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మన్. తను అచ్చు వేయించుకున్న కార్డు మీద మాత్రం ‘ఉద్యాన రూపశిల్పి’ అని ఉండేది. జనం రెండూ అనలేదు, తోట సాబ్ అన్నారు.

పని తెలిసినవాడే. ఏ రోడ్డుకు ఏ వైపున కానుగలు పెడితే మిట్టమధ్యాహ్నం బండ్లకు నీడ పడుతుందో, ఏ నల్లరేగడిలో ఏ చెట్టు వేరు కుళ్లుతుందో చూసి చెప్పేవాడు. నక్షా గీస్తే అచ్చు వేసినట్టుండేది. అయితే ఒకసారి గీశాక మార్చమంటే అతనికి ఒంటికి కారం రాసినట్టయ్యేది. నేల నక్షాకు ఒదగాలి తప్ప, నక్షా నేలకు ఒదగడం అతని దృష్టిలో ఓటమి.

యాభై ఎనిమిదిలో తుర్విహాళ దగ్గర, కాలువ మెట్టుదిగి నురగలు కక్కే చోట, పెద్ద తోట వేయాలని నిర్ణయమైంది. జగన్నాథ్ ఒక్కడికే అప్పగించిన మొదటి పని అది. నడుమ గుండ్రని పచ్చిక, దాని చుట్టూ ఎర్రమట్టి బాట, బాటకు అటువైపు కానుగలు, ఆ కానుగల సందుల్లోంచి దూకే నీళ్లు కనబడాలి. ఇల్లు మరిచి, తిండి మరిచి గీశాడు.

ఆ గుండ్రం లోపల హుచ్చమ్మ గుడిసె ఉంది. కాలువ కూలీలకు జొన్నరొట్టెలు చేసి అమ్మే మనిషి. ఆమె మొగుడు సుంకప్ప అదే కాలువ తవ్వుతుంటే బండ పేల్చినప్పుడు చచ్చిపోయాడు. గుడిసె వెనకే పూడ్చి, మీద నాలుగు రాళ్లు పేర్చింది. సర్వేయరు ఇచ్చిన నక్షాలో గుడిసెకు ఒక చదరం, సమాధికి ఒక చుక్క ఉన్నాయి. జగన్నాథ్ తన నక్షాలోకి ఆ రెంటినీ ఎక్కించలేదు.

కొలతలు వేయడానికి వచ్చిన రోజున ఆమె ఎదురొచ్చింది.

“గుడిసె తీసుకపోరి సాబ్, నేను అడ్డం రాను. గీ నాలుగు రాళ్లు మాత్రం ఉండనీ. చుట్టూ నీ పూలచెట్లే పెట్టు. ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలుస్తది. పచ్చిక నడుమ రాళ్లుంటే ఏం బాగుంటది?”

“జర పక్కకు జరుపరాదు?”

“గుండ్రం పక్కకు జరిగితే నీళ్లు కనబడయ్.”

ఇంజనీరుకు ఈ గొడవ తెలిసింది. “నీ ఇష్టమయ్యా, నువ్వు జరుపుతానంటే నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు. కాబట్టి నెపం వేయడానికి పైవాళ్లు కూడా లేరు. జగన్నాథ్ జరపలేదు. రాళ్లు తీయించి, మోకాటి లోతు కొత్త మట్టి పోయించి, రోలరు తిప్పించాడు. హుచ్చమ్మ దూరంగా నిలబడి చూసింది. ఏడ్వలేదు. రోలరు మూడోసారి అదే చోట తిరుగుతుంటే, చెవులు రెండూ చేతులతో మూసుకుంది.

పచ్చికకు నీళ్లు పోసే పని ఆమెకే ఇప్పించాడు. అది తన మంచితనమని అతను నమ్మాడు. పోతే మొగుడికి దూరమవుతానని ఆమె ఒప్పుకుంది. అట్లా ఏళ్ల తరబడి, పొద్దున్నే కడవ మోసుకొచ్చి, తన ఇల్లున్న చోట, తన మొగుడున్న చోట గడ్డి పెంచింది. ఏటా సుంకప్ప పోయిన రోజున ఒక రొట్టె తెచ్చి గడ్డి మీద పెట్టేది. చీమలు పడతాయని జగన్నాథ్ తీయించి పారేయించేవాడు. ఆమె మళ్లీ ఏడు మళ్లీ తెచ్చేది. అతను మళ్లీ పారేయించేవాడు.

తోటకు పేరొచ్చింది. పెద్దవాళ్లు బెంగళూరు నుంచి వచ్చి ఫొటోలు దిగారు. జగన్నాథ్‌ను లింగసుగూరు వైపు, మానవి వైపు పిలిచి పనులిచ్చారు. రాయచూరులో అన్నలు దుకాణానికి వచ్చినవాళ్లకు “మావాడు గీసిందే” అని చెప్పుకోసాగారు.

ఒక ఆదివారం భార్య లలితాంబను తోట చూపించడానికి తీసుకొచ్చాడు. ఆమె పచ్చిక మీద చాప వేయించుకుని, పులిహోర విప్పి, నీళ్లు పోస్తున్న హుచ్చమ్మకు కూడా ఆకులో పెట్టి ఇచ్చింది.

“కూసోని తినమ్మా.”

“గీడ కూసోనమ్మా.”

“ఎందుకు?”

 లలితాంబ గుచ్చి గుచ్చి అడిగితే, హుచ్చమ్మ కడవ దించి, చాప వైపు చూపించి చెప్పింది. “నీ కిందనే ఎక్కడనో నా మొగుడున్నడు.”

లలితాంబ నోట్లో ముద్ద మింగలేక, ఉమ్మలేక లేచి నిలబడింది. కానుగల దగ్గర మాలీలతో మాట్లాడుతున్న భర్త దగ్గరికి వెళ్లింది.

“గీ ముచ్చట నిజమేనా?”

“ఎప్పటిదో సంగతి. దానికి నౌకరీ కూడ ఇప్పించిన.”

“మీ అమ్మను పెట్టిన తావుల గిట్లనే రోలరు తిప్పుతరా?”

“ఇది పని, లలితా. పనిల అవన్నీ చూస్తే ఒక్క గీత కూడ గీయలేం.”

ఆమె చాప అక్కడే వదిలేసి బండెక్కింది. తర్వాత ఎన్నేళ్లయినా తుర్విహాళ వైపు అడుగు పెట్టలేదు. ఇంట్లో అతను నక్షా పరిచి చూడమంటే, పొయ్యి మీద ఏదో ఉందని లేచిపోయేది.

డెబ్బై రెండులో వానలు లేవు. కాలువలో నీళ్లు సన్నగిల్లాయి. తోటకు దిగువన కోస్తా నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న రైతులు వరి నారు పోసుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. వాళ్లలో యలమందయ్య అనే ఆయన పెద్దమనిషి. గుంటూరు వైపు పొలం అమ్ముకుని వచ్చినవాడు. నలుగురిని వెంటబెట్టుకుని తోటకు వచ్చి, జగన్నాథ్ ముందు తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

“నారుమళ్లు బీటలిచ్చేసినయ్యండి. మీ తోట తూము రెండు విడతలు కట్టేస్తే మా చివరి మళ్ల దాకా తడి వస్తుందండి. గడ్డి మళ్లీ చిగురిస్తుంది. నారు పోతే ఈ ఏడు మాకు గింజ లేదు.”

“పచ్చిక ఒకసారి మాడితే మళ్లీ సమంగ రాదు. వచ్చే నెల పెద్ద ఇంజనీరు వస్తున్నరు.”

“ఆయన చూసే గడ్డి కోసం మా పిల్లలు పస్తుండాలాండీ?”

“దఫ్తర్‌ల అడుగుండ్రి. నేను తూము కట్టను.”

యలమందయ్య తలగుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు. నారు ఎండింది. ఆ క్యాంపులో రెండు కుటుంబాలు ఎడ్లను అమ్ముకుని వచ్చిన దారినే తిరిగి వెళ్లాయి. తోట మాత్రం ఆ కరువు కాలమంతా పచ్చగా ఉంది. దారిన పోయేవాళ్లు దాన్ని చూసి ఉమ్మేసేవాళ్లు.

వచ్చిన పెద్ద ఇంజనీరు కొత్తవాడు. అప్పటికే రైతులు అతన్ని కలిసి, తోట సంగతి చెప్పి ఉన్నారు. పచ్చిక మీదికి బూట్లతోనే నడిచి, చుట్టూ చూసి అడిగాడు.

“ఈ కరువులో ఇన్ని నీళ్లు తాగే తోటను ఎవరు గీశారు?”

జగన్నాథ్ ముందుకు వచ్చాడు. “నేనే సార్.”

“నక్షా మీద నీ పేరు లేదే. పాత ఇంజనీరు సంతకం ఉంది.”

“గీసింది నేనే సార్. అందరికీ తెలుసు.”

“అయితే కొట్టించేదీ నువ్వే. ఇక్కడ వడ్ల గోడౌను వస్తుంది. ఏ చెట్టు ముందు, ఏ చెట్టు తర్వాత, నువ్వే గుర్తులు పెట్టు.”

రైతులు అక్కడే ఉన్నారు. ఒకడు ఈల వేశాడు. యలమందయ్య వద్దని వారించలేదు.

సున్నం డబ్బా పట్టుకుని, ఒక్కొక్క కానుగ మొదలు మీద తన చేత్తోనే గుర్తు పెట్టాడు జగన్నాథ్. మొక్కప్పుడు ముళ్లకంప కట్టి కాపాడిన చెట్లు. గొడ్డలి పడుతుంటే చూడలేక కాలువ గట్టు మీద కూర్చున్నాడు. చెట్లయ్యాక ట్రాక్టరు పచ్చికలోకి దిగింది. అప్పుడు హుచ్చమ్మ వచ్చింది. ముసలిదైంది, నడుం వంగింది. చేతిలో కొత్త తెల్లగుడ్డ ఉంది.

“సాబ్, మట్టి ఎట్లయినా తీస్తుండ్రు గద. ఆయన బొక్కలు దొరికితే గీ గుడ్డల కట్టుకొని తీసుకపోత. ఏ తావు చెప్పు.”

జగన్నాథ్ లేచాడు. పచ్చిక నడుమకు నడిచాడు. అటు పది అడుగులు వేశాడు, ఇటు వేశాడు. ఎటు చూసినా ఒకటే పచ్చదనం. గుర్తన్నది లేకుండా చేయడానికే కదా అంత మట్టి పోయించింది.

“నీకు యాదికి లేదా?” అన్నాడు.

“గుడిసె ఉంటే చెప్తుంటి. నీళ్లు పోసి పోసి నాకు అంతా ఒకటే అయింది.”

“సర్వే నక్షాల ఉంటది. పోయి చూసుకొస్త. గింతసేపు ఆపమను.”

అతను సైకిలు మీద సింధనూరు దఫ్తర్‌కు వెళ్లాడు. ఆ రోజుల్లో ముఖ్యమైన నక్షాలన్నీ గంజి పెట్టి బిరుసు చేసిన సన్నని నూలుగుడ్డ మీద సిరాతో గీసేవారు. తన ఇరవయ్యేళ్ల పని, ఆ పాత సర్వే నక్షాతో సహా, చుట్టలు చుట్టి ఒక చెక్కపెట్టెలో పెట్టించాడు. వెళ్లి చూస్తే పెట్టెలో చీపుళ్లున్నాయి.

“అవా సార్?” అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే. “పాతవి తీసెయ్యమన్నరు. వేడినీళ్లల ఉడకబెడితే గంజి పోయి మంచి మల్లుగుడ్డ అయితది. తలా ఇన్ని పంచుకున్నం. మా బిడ్డ బాలింత, పొత్తిగుడ్డలకు అక్కరకొచ్చినయ్.”

“ఒక్కటి కూడ లేదా?”

“బల్లలు తుడిచేది ఉన్నది. చూస్తరా?”

తీసి చూపించాడు. గీతలన్నీ పోయాయి. ఒక మూలన బూడిద రంగు మరక మిగిలి ఉంది. అది చెట్టో, దిక్కుల గుర్తో, అతనికే తెలియలేదు.

తిరిగి వచ్చి చూస్తే ట్రాక్టరు ఆపనేలేదు. నేల సగానికి పైగా తిరగబడి ఉంది. హుచ్చమ్మ ఆ మట్టిలో కూర్చుని గడ్డలు చిదిపి చూస్తోంది. అతనూ పక్కన కూర్చుని, ప్యాంటు మట్టి చేసుకుంటూ గడ్డలు చిదిపాడు. ఒక ఎముక దొరికింది. చూస్తే మేకది.

“నక్షా దొరకలేదు హుచ్చమ్మా,” అన్నాడు చివరికి. “నాది తప్పైంది.”

ఆమె చేతులు ఆపి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

“నువ్వు పో సాబ్. గిన్నేండ్లు పొద్దుగాల లేస్తె నీ మొఖమే చూసిన. నీ మొఖం చూసి చూసి ఆయన మొఖం మరిచిపోయిన. గిప్పుడన్న పో.”

అతను వెళ్లాడు. మర్నాడు ఆమె ఖాళీ గుడ్డ మడిచి కొంగున కట్టుకుని, మట్మారిలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లిపోయిందని మాలీలు చెప్పారు.

జగన్నాథ్‌కు ఆ తర్వాత పని ఎవరూ ఇవ్వలేదు. గడువుకు ముందే ఇంటికి పంపారు. రాయచూరులో అన్నల దుకాణం మీది గదుల్లో భార్యతో ఉండేవాడు. మావాడు గీసిందే అని చెప్పుకున్న అన్నలు ఇప్పుడు అతను కిందికి దిగితే గిరాకీ ముందు మాట మార్చేవాళ్లు. రెండుసార్లు కూలిని వెంటబెట్టుకుని, గోడౌను ఆవరణలో ఒక మూల తవ్వి చూస్తానని తుర్విహాళ వెళ్లాడు. రెండుసార్లూ కాపలావాడు గేటు తీయలేదు.

రెండోసారి వచ్చి ఆ మాట భార్యకు చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతోంది.

“మల్ల పోతరా?” అంది.

“పోవాలె.”

“దొరికితే ఎవరికిస్తరు? హుచ్చమ్మ మొన్న పుష్యంల పోయిందట.”

లలితాంబకు ఆ సంగతి నెల కిందటే తెలుసు. ఎందుకు చెప్పలేదని అతను అడగలేదు. ఆమె చాట తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. జగన్నాథ్ డెబ్బై ఏడులో, వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు.