లేని కడుపుకు కాచిన కషాయం

మా అత్తమ్మకు క్యాలెండర్ చూసుడు రాదు. అయినా నేను నెలల ఎప్పుడు బయటుంటనో అమాస లెక్కతోని నాకంటె ముందే చెప్తది. ఊరిడిసి బతకొచ్చిన ఈ డిండోలిల మాది ఒకటే అర్ర, ఎనక జరంత వంట జాగ. అందుల దూరం కూసోమంటె ఎక్కడ కూసుంట? అందుకే దర్వాజ కాడ నాకొక చాప, ఒక పళ్లెం, ఒక గిలాస పెట్టింది. ఆ రోజులల్ల పొయ్యి ముట్టద్దు, దేవుని పటం దిక్కు పోవద్దు. చీరెలకు ఏలాడే దారాలు కత్తిరించే పని మాత్రం చెయ్యచ్చు. మార్కెటోళ్ల చీరెలకు మైల అంటదంట. మా అత్తమ్మ శాస్త్రం గట్లుంటది.

నేను చాప ఏసుకున్నప్పుడల్ల ఆమె ఏమనదు. ఒక్క చూపు చూసి పొయ్యి కాడికి పోతది. తిట్టినా మంచిగుండు, మల్ల తిట్టొచ్చు నేను. పెండ్లయి పదేండ్లు దాటినంక కూడ ఆ చూపుకు నాకు తల లేవది. తల వంచుకొని దారాలు కత్తిరిస్త, ఒకట్రెండు సార్లు చీర కూడ కత్తిరించి సేఠ్ తోని తిట్లు తిన్న.

పోయినేడు డాక్టరమ్మ కాడికి పోవుడు మొదలుపెట్టినం. అండాలు బయటికి తీసి, పిండం చేసి, మల్ల కడుపుల పెట్టే ఇలాజ్. అత్తమ్మ మొదలు వద్దన్నది. మా ఆయన సచిన్ దిక్కు కార్ఖానల బట్ట నేసే సాంచెల కాడ పన్నెండు గంటలు నిలబడి వచ్చి, అన్నం ముంగట పెట్టుకొని రోజూ ఆమెను బతిలాడిండు. ఆఖరికి ఒప్పుకున్నది. "సూదులు నీకు, దండం నాకు" అన్నది.

దవాఖాన హాల్‌ల బార్డోలీ దిక్కుకెల్లి వచ్చిన ఒకామె నా పక్కన కూసున్నది. నిండు నెలలు. ఎట్ల నిలిచిందక్కా అని అడిగిన. సూదులు మొదలుపెట్టే ముందు నెల గర్భసంచి లోపల జరంత గీకిచ్చుకున్నదంట, అందుకే పిండం అతుక్కున్నదంట. నాకిది పట్టుకున్నది. గోడకు సున్నం ఏసే ముందు పాతది గీకుతరు గదా, గీకకుంటె కొత్తది పట్టది. డాక్టర్ల చదువంత నాకు ఆ ఒక్క మాటల అర్థమైపోయింది.

లోపలికి పోంగనే డాక్టరమ్మను అడిగిన. ఆమె నవ్వింది. "చూడు బేన్" అన్నది, ఈడ అక్కచెల్లెండ్లను గట్లనే పిలుస్తరు. "ఇంతకుముందు మేం చానమందిమి చేసేటోళ్లం. గీకితే లోపలి పొర కొత్తగ పెరుగుతది, పిండం మంచిగ పట్టుకుంటది అనుకున్నం. తర్వాత ఎక్కువమంది ఆడోళ్లల్ల పరీక్ష పెట్టి చూస్తే, చేయించుకున్నోళ్లకు, చేయించుకోనోళ్లకు పెద్ద తేడా కనిపించలేదు. నేనైతే చెయ్యమని చెప్పను."

"మరి ఆమెకు నిలిచింది గదా మేడం?"

"చెయ్యకుంటె కూడ నిలుస్తుండె కావచ్చు. ఎవరు చెప్తరు? నీ అండాలు తక్కువున్నయి, అసలు ఇలాజ్ లేటు చెయ్యకు. దాని మీద పెట్టు మనసు."

నేను వినలే. లాభం లేకుంటె నష్టమన్న ఉన్నదా అని అడిగిన. నొస్తది, జర రక్తం పోతది, ఎప్పుడన్న చీము పట్టచ్చు అన్నది. గంతేనా అనుకున్న. నేను ఏమన్న చెయ్యాలె, ఏదో ఒకటి ఎక్కువ చెయ్యాలె. రెండుసార్లు పోయి అడిగితే, మూడోసారికి ఆమెకే యాష్టకొచ్చి, సరే బేన్ అన్నది.

ఆ బల్ల మీద పండుకున్న పద్ధతి ఆడోళ్లకు చెప్పనక్కర్లేదు, మొగోళ్లకు చెప్పి లాభం లేదు. మీద పెద్ద లైటు. నర్సులిద్దరు పొద్దున తిన్న లోచో ఎవరి బండి మీద మంచిగుంటదో మాట్లాడుకుంటున్నరు. సన్నని గొట్టమే, ఒక్క నిమిషమే అన్నరు. నడుములకెల్లి పొత్తికడుపు దాక పిండి పట్టుకున్నట్టయింది. నొప్పి కంటె ఎక్కువ సిగ్గయింది. వద్దన్నది అడిగి అడిగి చేయించుకొని, ఇప్పుడు అమ్మా అని మొత్తుకుంటె ఏమనుకుంటరని పండ్లు బిగపట్టిన.

మా ఆయన ముందే చెప్పిండు. "అమ్మకు చెప్పకు. లోపల గొట్టం పెట్టి గీకిన్రంటె ఊకోదు. రక్తం పరీక్షకు పోతున్నమని చెప్పు." గదే చెప్పినం. ఇంకొకటి కూడ చెప్పలే. సూదుల లెక్క కుదరాలని డాక్టరమ్మ నాకు నెలను ఎనకకు జరిపే గోలీలిచ్చింది. అందుకే అమాస దాటింది, చాప దర్వాజ కాడికి రాలే.

అత్తమ్మ చూసింది. నోరు తెరిచి ఏమడగలే గని, నీళ్ల బకీటు నా చేతులకెల్లి గుంజుకున్నది. చేపల కూర నాకు ముందుగాల ఏసింది. ఒకనాడు సందూగ తెరిచి పాత నూలు చీర ఒకటి తీసి, చింపి, ఉతికి, ఎండకేసింది. ఎందుకత్తమ్మా అంటె మసిబట్టలకు అన్నది. గంత మెత్తటి చీరెను మసిబట్టకు ఎవరు చింపుతరు? నాకు తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతున్నది యవ్వారం అని లోపల్లోపల నవ్వుకొని ఊకున్న.

గీకిచ్చుకొని ఇంటికొచ్చిననాడు మా ఆయన నన్ను దింపి డ్యూటీకి పోయిండు. నేను మంచం మీద ముడుచుకొని పండుకున్న. బాత్రూంల నానబెట్టిన రక్తం బట్ట అత్తమ్మ కంట పడ్డది. ఆమె వచ్చి నేల మీద కూలబడ్డది.

"పోయిందా బిడ్డా" అన్నది.

కాదత్తమ్మా అనాలని నోరు తెరిచిన. ఆమె అప్పటికే మంచమెక్కి నా తల తన ఒళ్లె పెట్టుకున్నది. బయటున్న కోడలిని ముట్టుకున్నది. మైల లేదు, స్నానం లేదు, చాప లేదు. పదేండ్లల్ల ఆమె చెయ్యి నా తల మీద పడుడు గదే మొదటిసారి. నేను నోరు మూసుకున్న.

ఓమ, మిరియాలు, శొంఠి దంచి, బెల్లం ఏసి కషాయం కాచింది. గొంతు మండుతుంటె తాగిపిచ్చింది. ఎల్లిగడ్డ కారం నూరి, నెయ్యేసి అన్నం కలిపింది. పచ్చి ఒళ్లు, గాలి తగలద్దని చెవులకు గుడ్డ కట్టింది. కట్టుకుంట చెప్పింది. మా ఆయన కంటె ముందు ఆమెకు ఒకటి పోయిందంట. సిరిసిల్ల దిక్కు అత్తగారింట్ల ఉన్నప్పుడు. పొద్దున పోయింది, పొద్దుగూకేదాక నూలు కండెలు చుట్టిందంట. "ఎవ్వరు ఒక గిలాస ఏడినీళ్లు పోయలే. మా అత్త, పోతె పోయింది తియ్, కండెలు కానియ్ అన్నది. నేను నిన్ను గట్ల అననియ్య" అన్నది. ఆ అన్నం నాకు దిగలే. అయినా తిన్న.

తెల్లారేవరకు గల్లి మొత్తం తెలిసింది. ఆడోళ్లు ఒక్కొక్కరే వచ్చి కూసున్నరు. పక్కింటామె కూడ వచ్చింది. తన పిల్లగానికి ఇరవై ఒకటో దినం చేసిననాడు గోడ అవతలి నాకు పిలుపు లేదు. ఊయల కాడికి నేను పోతె కొంగు కప్పేటిది. ఆమె ఇప్పుడు నా మంచం మీద, నా పక్కన కూసొని ఏడ్చింది. "నిలిచే కడుపే అక్కా నీది. ఒకసారి వచ్చింది, మల్ల వస్తది." నేను కూడ ఏడ్చిన. ఎందుకేడ్చిన్నో నాకు తెల్వదు. ఒకటి మాత్రం తెలుసు. నాకు మంచిగనిపించింది. నిన్నటిదాక గొడ్రాలిని, ఇయ్యాల కడుపు పోయిన తల్లిని. గల్లిల నాకు ప్రమోషన్ వచ్చింది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెవులకు గుడ్డ కట్టుకున్న నన్ను చూసి, "ఏంది ఇది? చాయ్ బండి కాడ అందరు నా భుజం తడుతున్నరు" అన్నడు. చెప్పిన. తల గోక్కున్నడు. కార్ఖానల ఆయనను కూడ ఏమేమో అనేటోళ్లు, నాకెప్పుడు చెప్పలే గని నాకు తెలుసు. "ఉండనియ్ తీ. రెండొద్దులైతె మర్చిపోతరు" అన్నడు. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలే.

అత్తమ్మ మర్చిపోలే. ఆ వారమే పెద్ద మాట చెప్పింది. "డాక్టరమ్మ కాడికి ఇంక వద్దు. తనంతట తాను వచ్చే కడుపుకు సూదులెందుకు? పచ్చి ఒంట్లెకు మందులెక్కిస్తె ఉన్నది కూడ పోతది. యేములాడ పోయి రాజన్నకు కోడెను కడదాం. టికెట్లు తియ్యమని వానికి చెప్పిన."

గోలీలు బంద్ చేసినం, నెల రాంగనే సూదులు మొదలుపెట్టాలె. అండాలు తక్కువున్నయి, లేటు చెయ్యకు అని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది. లేని బిడ్డకు ఏడ్పిచ్చుకొని, వచ్చే బిడ్డకు అడ్డం పడుతున్న. తప్పదింక.

అత్తమ్మ సందూగ ముంగట కూసున్నది. చింపి, ఉతికి, మడత పెట్టిన ఆ మెత్తటి ముక్కలను మల్ల లోపల పెడుతున్నది. పొత్తి గుడ్డలు. నేను పోయి ఎదురుగ కూసున్న.

"అత్తమ్మా, కడుపు పోలే. కడుపు రానే లేదు."

ఆమె చెయ్యి ఆగింది. నేను తల ఎత్తకుంట అంత చెప్పిన. గోలీలు, గొట్టం, గీకుడు, రక్తం పరీక్షని అబద్ధమాడుడు. మీరు ఒళ్లె పెట్టుకుంటె నోరు రాలేదని చెప్పిన. మీ కొడుకును ఏమనకున్రి, తప్పు నాది అన్న. ఇంత సిగ్గు నాకు ఆ బల్ల మీద కూడ కాలే.

చేతులున్న గుడ్డ ముక్కను ఒళ్లె పెట్టుకున్నది. ఎనక, "గీకితే నిలుస్తదా?" అని అడిగింది.

"డాక్టరమ్మకే నమ్మకం లేదు. వద్దన్నది. నేనే బలవంతం చేసిన."

తిడుతది, కొడుతది అనుకొని కూసున్న. ఆమె ఆఖరి ముక్క మడత పెట్టింది.

"నొచ్చిందా?"

"మస్తు నొచ్చింది."

"అయితె కషాయం ఉత్తగ పోలే తియ్" అన్నది. సందూగ మూసి, "గల్లిల నేనేం చెప్ప. నువ్వు చెప్పుకుంటె చెప్పుకో" అని పొయ్యి కాడికి పోయింది. టికెట్లు తియ్యలే.

నేను గల్లిల చెప్పలే. ఇప్పటికి కూడ చెప్పలే. పక్కింటామె నీళ్లకు పోతె పిల్లగాన్ని నా చేతికిచ్చి పోతది. వాడు నా మెడల గొలుసు నోట్లె పెట్టుకుంటె, నేను తేలు కుట్టిన దొంగ లెక్క నవ్వుతుంట.

నెల వచ్చింది, సూదులు మొదలైనయి. అండాలు తీసిన్రు, పిండం చేసిన్రు, నా కడుపుల పెట్టిన్రు. డాక్టరమ్మ తెర మీద తెల్లటి చుక్క చూపిచ్చింది. అత్తమ్మకు ఈసారి అన్ని ముందే చెప్పినం. ఆమె చాప తీసి మంచం కింద పడేసింది. ఎదురుచూసినన్ని రోజులు ఎదురుచూసినం. ఒకనాడు పొద్దున రక్తం కనవడ్డది.

గీకిచ్చుకున్నందుకు లాభమేమైందని డాక్టరమ్మను అడగలే. ఆమె ముందే చెప్పింది గదా. మల్ల ప్రయత్నం చేద్దాం బేన్ అన్నది, సరే అన్న.

ఇంటికొచ్చి పండుకున్న. గోడ అవతల పక్కింటామె పిల్లగానికి పాడుతున్నది. ఈసారి నిజంగ ఉండె, నిజంగ పోయింది. పిలిస్తె గల్లి మొత్తం వస్తది. ఏ మొఖం పెట్టుకొని పిలువను? నా పేరు మీద రావాల్సిన ఏడుపు వాళ్లు ఒకసారి ఏడ్చేసిన్రు, నేను ఉత్తపుణ్యానికి తీసుకున్న.

అత్తమ్మ దర్వాజ దగ్గరికేసింది. ఓమ దంచిన వాసన వచ్చింది. రెండు గిలాసలు తెచ్చి మంచం మీద కూసున్నది. ఒకటి నా చేతుల పెట్టింది. నాకు తాగబుద్ధి కాలే, సిగ్గయింది. పోయినసారిదే అరగలేదత్తమ్మా అన్న.

"తాగు బిడ్డా" అన్నది. "ఇది నీదానికి, అది నాదానికి." రెండో గిలాస ఆమె తీసుకొని, ఊదుకుంట తాగింది.