పేరు పెట్టని కిట్

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున్న అత్త ఫోన్ చేసి, "మీ మావ ఎల్లిపోనాడ్రా" అని ఒక్కమాట చెప్పి పెట్టేసింది. నేనప్పుడు గరివిడిలో పెళ్ళి పందిట్లో ప్యాడ్‌కి వైర్లు తగిలిస్తున్నాను. తగిలించడం మానలేదు. ఏం చెయ్యాలో తెలియక చేతిలో పని చేసుకుంటూ పోయాను.

అరసవల్లి వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళినవాళ్ళు మా మావని చూసే ఉంటారు. సన్నాయి మేళంలో డోలు ఆయనది. తాతల నాటి విద్య. అలాంటి మనిషి యాభై దాటాక ఆర్కెస్ట్రాలో చేరి పుల్లలతో కొట్టే తొమ్మిది గళ్ళ ఎలక్ట్రానిక్ ప్యాడ్ పట్టాడు. డోలొదిలి డబ్బా పట్టాడని మేళం వాళ్ళు వెక్కిరించారు. ఆయన డోలు వదిలితే కదా! ఇంట్లో ఫ్యాను ఆపించి, అత్తని కుక్కర్ పెట్టొద్దని బతిమాలి, తన డోలు దెబ్బలు ఒక్కొక్కటీ రికార్డు చేసి ఆ గళ్ళలోకి ఎక్కించాడు. ఒకే దెబ్బ మెల్లగా ఒకసారి, ఓ మోస్తరుగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

నాకు ప్యాడ్ నేర్పింది ఆయనే. బటన్ నొక్కితే దానంతటదే తిరిగే లూప్ వేసుకుంటే ఊరుకునేవాడు కాదు. "అదే వాయించేస్తంటే నువ్వేటి సేస్తావు, పకోడీలు తింటావేటి?" అనేవాడు. ఒకే గడిని వరసగా కొడితే చేతిలో పుల్లలు లాక్కునేవాడు. కొంచెం తేడాగా ఉన్న దెబ్బల్ని రెండు గళ్ళలో పెట్టి మార్చి మార్చి కొట్టించేవాడు. "మనిసన్నోడు రెండు పాల్లు ఒకేలాగ కొట్టలేడ్రా. ఆ తేడా ఇనిపించాల." సాగుతున్న శబ్దాన్ని అరచేత్తో తాకి ఎక్కడ ఆపాలో నేర్పడానికే ఒక వేసవి పట్టింది. ఆయన తిట్టని రోజు లేదు. ఆ తిట్లకి ఇప్పుడు మొహం వాచి ఉన్నాను.

ఒక పాటకి కావలసిన శబ్దాల జట్టుని మేము కిట్ అంటాం. ప్రతి కిట్‌కీ ఒక పేరు పెట్టి దాచుకుంటాం. తన డోలు కిట్‌కి మాత్రం మావ పేరు పెట్టలేదు. "పేరెడితే దిష్టి తగుల్తాది" అన్నాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ప్యాడ్ నాకిచ్చేశాడు. అప్పటినుంచీ ఆయన డోలు ఆ కిట్‌లోనే మిగిలింది. అది ఎన్నో నంబరో నాకు రెండుసార్లు చెప్పాడు కూడా. ఓ పెళ్ళిలో కుర్రాళ్ళు కొత్త పాట కావాలని మీదపడ్డారు. ఆ హడావిడిలో పేరు లేని కిట్ కనిపిస్తే ఖాళీదనుకున్నాను. దానిమీదే కొత్త శబ్దాలు సేవ్ చేసేశాను. ఇంకో కాపీ లేదు. తీసి ఉంచాలన్న బుద్ధి నాకు ఏనాడూ పుట్టలేదు.

మావ దగ్గరకెళ్ళి ఏడుస్తూ చెప్పాను. "మీ అత్తకి సెప్పకు. సెయ్యి బాగవ్వనీ, మళ్ళీ తీద్దాం" అన్నాడు. చెయ్యి బాగవ్వలేదు. ఆరోజు చెడామడా తిట్టి ఉంటే నాకిప్పుడు ఇంత నరకం ఉండేది కాదేమో. ఈ పాపం ఎక్కడ కడుక్కోవాలో నాకు తెలియదు.

పదోరోజు భోజనాలయ్యాక అత్త నన్ను పిలిచింది. "నాయినా, ఓపాలి మీ మావ డోలు ఇనిపించు. ఆ డబ్బాలో ఉన్నాది గదా."

చుట్టాలంతా నావైపు తిరిగారు. కొన్నప్పుడు కంపెనీవాళ్ళు ప్యాడ్‌లో పెట్టి ఇచ్చిన డోలు శబ్దం ఒకటుంది. ఎవరు వాయించారో, ఏ ఊరివాడో. ప్యాడ్ తెచ్చి స్పీకరుకి తగిలించి, ఆ శబ్దమే పెట్టి, మావ నేర్పినట్టే కొట్టాను. అత్త స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఆయనే గదరా?" అంది.

"ఆయనే అత్తా."

"ఇంకోపాలి కొట్టు నాయినా."

కొట్టాను. ఆమె స్పీకరు మీంచి చెయ్యి తియ్యలేదు. నేను కొడుతూనే ఉన్నాను.