పంచే చేతులు

క్లబ్బులో పేకముక్కలు పంచడమే ఆయన ఉద్యోగం. తను మాత్రం ఎన్నడూ ఆడి ఎరగడు. ఇంట్లో కంచాలు కూడా ముక్కలు పంచినట్టే, ఎడమచేతి వైపు నుంచి మొదలుపెట్టి, ఎవరి మొహమూ చూడకుండా ముందుకు జారుస్తాడు. ఖాళీ కుర్చీ ముందు కూడా ఒకటి పడుతుంది. అది తమ్ముడిది. ఆ తమ్ముడు ఆయన పంచే బల్ల దగ్గరే పోకర్ ఆడి, ఉన్నదంతా పోగొట్టుకుని, అజాపజా లేకుండా పోయాడు.

పోకర్ నేర్పుతో గెలిచే ఆటా, ఉత్త అదృష్టమా అని కోర్టులో కేసు నడుస్తోంది. అదృష్టమని తేలితే జూదమే, క్లబ్బు మూతే. సాక్షిగా పిలిస్తే ఆయన తడుముకోకుండా "నేర్పేనండి" అని చెప్పి వచ్చాడు. ఆ సాయంత్రం తమ్ముడి భార్య గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "అంటే మీ తమ్ముడు చేతకానివాడనా, బావగారూ?" కంచాలు పెడుతున్న ఆయన చేతులు ఆగలేదు. "అదృష్టమే అంటే, వాడికి ఆ ముక్కలు పంచింది నేనే కదమ్మా."