పొట్టు పొయ్యి మీద ఇటుక

బర్మా దేశపు రంగం పట్నంలో చలేమిటని మా వైపు వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నిజమే, అక్కడ గొంగళి కప్పుకున్న మనిషిని నేను చూడలేదు. కాని బోటాటౌంగ్ రేవు వెనక చెక్క మేడమీద కాపురమున్నవాళ్ళకు వానాకాలం సంగతి తెలుసు. గోడ పలకల సందుల్లోంచి నదిగాలి తడితడిగా దూరుతుంది. ఆరేసిన చీర ఎన్నాళ్ళకీ ఆరదు. అలాంటి ముసురులోనే నా తోడికోడలు నెలలు నిండకుండా ప్రసవించింది. ఆడపిల్ల. దోసిట్లో ఇమిడిపోయేది. పాదాలు పట్టుకుంటే కుండలో నీళ్ళు ముట్టుకున్నట్టుండేది.

మంత్రసాని వెళుతూ నా చెయ్యి పట్టుకుంది. "ఈ గుంటకి మందు కాదమ్మా, ఎచ్చదనం కావాల. కాళ్ళు సల్లబడిపోతే మరి దక్కదు. సూసుకో."

తల్లి మంచం దిగే స్థితిలో లేదు, అత్తగారికి చూపు ఆనదు. ఆ పని నాకు దక్కింది. దక్కింది అనే అంటాను. దేవుడు ఒప్పజెప్పిన పని అది.

మా ఊళ్ళో బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెడతారు. అత్తగారు అదే పెట్టించి, తలుపులు, కిటికీలు మూయించి, సందుల్లో గుడ్డలు కుక్కించారు. గది వెచ్చబడింది. కాసేపటికి నాకు కణతలు పోటెత్తాయి. తోడికోడలికి కళ్ళు తిరిగాయి. పాప పాలు తాగడం మాని మగతలో పడింది.

"దిష్టి," అన్నారు అత్తగారు, ఉప్పు తిప్పుతూ.

ఇంతలో కింది వాటాలోని బర్మా ఆవిడ బాలింతకని చారు పట్టుకుని పైకొచ్చింది. ఆవిడను 'అడో' అనేవాళ్ళం, వాళ్ళ మాటలో పిన్ని అన్నట్టు. గడపలో అడుగు పెట్టగానే గిన్నె కింద పెట్టేసి, "మకౌంబూ! బాగులేదు, బాగులేదు!" అంటూ కిటికీలన్నీ తెరిచేసింది. "తలుపు మూసి, బొగ్గు పెట్టి, మనిషి నిద్రపోతే..." అని కళ్ళు మూసి మెడ వాల్చి చూపించింది. కుంపటి తానే ఎత్తి వెనక వరండాలో పెట్టింది.

"ఇదేటమ్మా, పసిగుడ్డుకి గాలేటి!" అని అత్తగారు కేకలు.

"గాలొచ్చాక నా తలనొప్పి తగ్గిందత్తా."

"మరి దిష్టి తీసినాను కదే!"

పాప మళ్ళీ పాలు పట్టింది. నాకు మాత్రం ఆలోచన పట్టుకుంది. మాకు కావలసింది వెచ్చదనం, నిప్పు కాదు. నిప్పును బయటే ఉంచి, దాని వెచ్చదనాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలవలేమా? అడోను అడిగితే, వాళ్ళ బాలింతలకు ఇటుక కాల్చి గుడ్డ చుట్టి పక్కన పెడతామని చెప్పింది.

ఇటుక సరే, రోజంతా కాల్చడానికి బొగ్గు కొనే తాహతు లేదు. మా ఆయనది రంపపు మిల్లులో పని. "పొట్టు కొండలాగున్నాది మిల్లెనకాల. పట్టుకుపోతే పుణ్యమంటారు," అన్నారు. గోనెడు తెచ్చారు. కిరసనాయిలు డబ్బాకు అడుగున పక్కగా కన్నం పెట్టి, మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, రోకలి మెల్లగా లాగేశాను. వెనక వరండాలో పెట్టి కన్నంలోంచి అంటించాను. పొట్టు తడిది కాబోలు, మంట లేదు, పొగే.

"ఏటే, ఇంటిని పొగబండి సేసీనావు!" అన్నారు అత్తగారు.

మర్నాడు వంటపొయ్యి పక్కన పొట్టు ఆరబెట్టి మళ్ళీ దట్టించాను. ఈసారి లోపల్లోపల ఎర్రగా, తొందర లేకుండా కాలింది. పొద్దున్న అంటించింది దీపాల వేళకీ ఆరలేదు. ఆ పొయ్యి ముందు కూర్చుని అగ్నిదేవుడికి దండం పెట్టుకున్నాను. మిల్లు పారేసినదాంట్లోనూ ఆయన ఉన్నాడు.

ఇక ఇటుకల పరీక్ష. కొత్త ఇటుక ఫెళ్ళున పగిలింది. పెంకు ఇట్టే చల్లారింది. అడో మెట్ల కింది పాత ఇటుక బాగా మందం. అదే చాలాసేపు వేడి నిలుపుకుంది. పాతచీర మడతలు చుట్టి, ముందు నా ముంజేతికి ఆనించుకుని చూశాను.

"పసిదానికెట్టే ముందు నన్ను సూడనీ," అని అత్తగారు దాన్ని లాక్కుని మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఎంతకీ ఇవ్వలేదు.

"ఎలగుందత్తా?"

"ఇంకా సూడాల."

ప్రసవమయ్యాక నా తోడికోడలు నవ్వడం అదే మొదటిసారి. "అత్తకి ఏరే ఇటుక కాల్చీయప్పా, పాపది పాపకిచ్చీమను!"

పాప పాదాలకు తగలకుండా జానెడు ఎడంగా ఇటుక పెట్టేదాన్ని. ఒకటి చల్లారేలోగా ఇంకొకటి. కిటికీ ఓరగా తెరిచే ఉండేది. పాదాలు మాటిమాటికీ పట్టి చూసేదాన్ని. ఒకనాడు గోరువెచ్చగా అనిపించేవి, మర్నాడు మళ్ళీ చల్లన. అప్పుడు నోట రామనామం తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

ముసురు ఇంకా వదలని ఒక మధ్యాహ్నం, పొట్టు దట్టిస్తూ ఆలస్యం చేశాను. పరుగున వచ్చి గుడ్డ మడతల్లో చెయ్యి పెట్టాను. ఇటుక ఎప్పుడో చల్లారిపోయింది. పాప పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. రెండోది కూడా. ఆ వెచ్చదనం ఇటుకది కాదు. నేను చేతిలో పట్టుకునే ఉండగా పాప విసుగ్గా కాలు లాక్కుని, నా బొటనవేలిని ఒక్క తన్ను తన్నింది.

"ఏటైందప్పా, ఏడుత్తన్నావు?" అంది తల్లి కంగారుగా.

పాప పాదం తల్లి చేతిలో పెట్టాను.