ప్రార్థన వేళ కెమెరా

మార్కాపురం చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీస్తూ పని నేర్చుకున్న రెబెకా, టీవీకి డాక్యుమెంటరీలు తీసే డైరెక్టరయ్యాక కూడా ఒక నియమం వదల్లేదు. ప్రార్థన మొదలైతే కెమెరా ఆపేస్తుంది. దేవుడితో మాట్లాడే మనిషిని తీయడం దొంగతనమేనని ఛానల్ వాళ్లతో ఎన్నోసార్లు పోట్లాడింది.

పలకల గనిలో రాయి పడి కరుణాకరం చనిపోయాడని తెలిసి, అతని భార్య మగ్దలీనమ్మను మాట్లాడించడానికి వెళ్లింది. ఆమె పక్కన కూర్చుని కెమెరా ఆన్ చేసిందో లేదో, గని మేస్త్రి శ్యాంసన్ లోపలికి వచ్చాడు. మగ్దలీనమ్మ వెళ్లే చర్చిలో అతను సంఘపెద్ద.

"తాగి పోయి రాయి కింద పడినాడని చెప్పు వదినా. నీ కొడుక్కి గనిలో పని ఉండాలా, వద్దా?"

మగ్దలీనమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

"ముందు ప్రార్థన చేసుకుందాం శ్యాంసనూ."

సంఘపెద్ద కాదనలేడు. కళ్లు మూసుకున్నాడు. రెబెకా చెయ్యి అలవాటుగా కెమెరా ఆపబోయింది. మగ్దలీనమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"తండ్రీ, ఆ పొద్దు మా ఆయన తాగలేదు. పైన రాయి వదులైంది, దిగనన్నాడు. ఈ శ్యాంసనే తిట్టి దింపినాడు. నువ్వు చూసినావు."

శ్యాంసన్ ముఖానికి చెమటలు పట్టాయి. అయినా ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం అతని వల్ల కాలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆమె ముగించగానే, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, అతని నోటి నుంచే గట్టిగా వచ్చింది.

"ఆమెన్."