డమ్మీకి పడ్డ రెండో ఓటు

ఓట్లు చీల్చబోయి ఒక పెద్దమనిషి పదవినీ, నా గదినీ, ఆంటీ చేతి పులుసునూ ఒకేసారి ఎలా పణంగా పెట్టానో చెబుతాను. మీరు నవ్వండి, పర్వాలేదు. అప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

వైటూకే రోజులు. ప్రోగ్రామర్ ఉద్యోగానికి కాకినాడ నుంచి సముద్రం దాటి వచ్చి, వుడ్‌ల్యాండ్స్‌లో మూర్తి అంకుల్, ఆంటీల ఫ్లాట్‌లో ఒక గదిలో ఉండేవాణ్ణి. అంకుల్ మా తెలుగు సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డారు. పోటీగా సరిహద్దు అవతలి జొహోర్ నుంచి వచ్చి స్థిరపడ్డ నాయుడుగారు. తువాస్ షిప్‌యార్డు కుర్రాళ్లు ఎక్కువగా ఆయన వైపే. కంప్యూటర్ తెలిసినవాడికి రాజకీయం ఒక లెక్కా? మూడో అభ్యర్థిగా నేను దిగి ఆ ఓట్లు చీలుస్తానన్నాను.

అంకుల్ కాఫీ గ్లాసు కింద పెట్టారు. "తేడా వచ్చిందో, నీ పెట్టె లిఫ్టు దగ్గరుంటుంది."

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఆ పిల్లిని నేనే అనుకుంటూ తువాస్ వెళ్లాను. నేను గెలిస్తే ఉగాది సంబరాలకి తీసుకెళ్లడానికి మీ డార్మిటరీ ముందుకే బస్సు వస్తుందని గొంతు చించుకున్నాను. చప్పట్లు కొట్టి, టీ కూడా తాగించారు.

లెక్కింపు రోజు చివరి కాగితం విప్పేదాకా ఫలితం తేలలేదు. నాయుడుగారు ఒక్క ఓటుతో గెలిచారు. నాకు పడ్డవి రెండు.

శ్రీకాకుళం వెల్డర్ సింహాచలం వచ్చి ఓదార్చాడు. "బస్సు మాట బాగా సెప్పినావు బాబూ. నువ్వెలాగూ నెగ్గవు గదా, అదే బస్సుకి నాయుడుగారిని ఒప్పించి ఆయనకే ఏసినాం. ఆదివారం తొంగునేవోళ్లు గూడా లారీ ఎక్కి వచ్చీసినారు."

ఇంటికొచ్చాక అంకుల్ నా పెట్టె వైపు చూసి, "ఆ రెండిట్లో ఒకటి నీదేనా?" అన్నారు.

సున్నా వస్తే పరువు పోతుందని వేసుకున్నానని ఒప్పుకున్నాను. రెండోది ఎవరిదో నిజంగానే తెలియదన్నాను.

"మనవాళ్లలోనే ద్రోహి ఉన్నాడన్నమాట. వాడెవడో తేలేదాకా నువ్వు ఈ ఇల్లు కదలడానికి వీల్లేదు. ఇద్దరం కలిసి పట్టుకుందాం," అని స్నానానికి వెళ్లారు.

ఆంటీ నాకు పులుసు వడ్డిస్తూ గొంతు తగ్గించింది. "అది నాదే. ఆయన నెగ్గితే ప్రతి ఆదివారం సంఘం మొత్తానికీ వండాల్సింది నేనేగా."

"మరి నాయుడుగారికే వెయ్యొచ్చు కదా ఆంటీ?"

"కట్టుకున్నవాడి మీద పోటీవాడికి వేస్తానా? తప్పు కాదూ?"

ఆ ద్రోహి కోసం అంకుల్, నేనూ నా పెళ్లయ్యేదాకా వెతికాం. దొరకలేదు. ఆంటీ పులుసు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇంక జన్మలో ఇద్దరి మధ్య మూడోవాడిగా నిలబడను. ఎంఆర్‌టీ రైల్లో మధ్య సీటు ఖాళీగా ఉన్నా సరే, కూర్చోను.