మొహం తిప్పుకున్న బాతు

సూజౌ పట్టణంలో యాన్ సూయె నోటికి జడిసేవాళ్లు కూడా ఆమె సూదికి దండం పెట్టేవారు. తన వెండి జడపిన్నులు జూదంలో తగలేసిన మొగుడి పరుపును వంతెన మీంచి కాలవలోకి విసిరేసిన మనిషి. మొగుడు మళ్లీ రాలేదు, ఆమె వెతకనూ లేదు. అధికారుల అంగీలకు గుండెల మీద హోదా చాటే పక్షులు కుట్టుకుంటూ తన కాళ్ల మీద తను బతికింది.

నాలుగో తరగతి అధికారికి అడవి బాతు. భార్యకూ అదే బాతు, కాకపోతే ఎదురుమొహంతో. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే బాతులు ఒకదాన్నొకటి చూసుకోవాలి.

నాలుగో తరగతి అధికారి వెయ్ దొర అరవయ్యో పుట్టినరోజుకు దొరసాని తన అంగీకి కొత్త బాతు కుట్టమంది. అంతకుముందు ఆమె జ్వరంతో పడుంటే, పుట్టింటి నుంచి తోడు వచ్చిన దాసిని దొర అమ్మేశాడు. ఇదేమిటని అడిగినందుకు ఆమెను పెరటి గదిలోకి నెట్టాడు. ఉంపుడుగత్తెలకు బాతు ధరించే హక్కు లేదు గనక, ఆ పూటకు మాత్రం భార్య అవసరమైంది.

"నా బాతు మొహం ఆయన వైపు వద్దు సూయె," అంది దొరసాని.

"నా నోటికాడి కూడు పోతుంది అమ్మగారూ!"

"పోతుంది. అందుకే బలవంతం చెయ్యను."

బలవంతం చేసి ఉంటే సూయె కుట్టేదే కాదు.

పుట్టినరోజున దంపతులు కుర్చీల్లో కూర్చున్నాక తేడా దొర ఇంటి దివాను హో కంటపడింది. దొర బాతు భార్యకేసి చూస్తోంది, ఆమె బాతు వీపు చూపిస్తోంది. వంటింట్లో సేమియా తింటున్న సూయెను ఈడ్చుకొచ్చాడు.

"పొరపాటైందని ఒప్పుకుని విప్పి తిప్పవే! లేదా ఈ ఊళ్లో నీకు దారప్పోగు కూడా దొరకదు!"

"నా చేతిలో పొరపాటా? కావాలనే తిప్పాను. విప్పను. చేతనైతే మీరే విప్పుకోండి."

గుమ్మంలో అతిథుల అడుగుల చప్పుడు. హో కంగారులో కుర్చీలు మార్పించాడు. ఇప్పుడు దొరసాని బాతు మొగుణ్ని చక్కగా చూస్తోంది. దొర బాతే మొహం గోడకు తిప్పుకుంది. పైగా పెద్దరికపు ఎడమ కుర్చీ దొరసానిది అయింది.

అతిథులు లోపలికి వచ్చేశారు. అందరి ముందూ లేచి మళ్లీ మారితే ఇంకా నగుబాటు. దొర పళ్లు నూరుకుంటూ కూర్చున్నాడు. దొరసాని తల ఎత్తి దండాలు అందుకుంది. వెనక వరసలో ఎవరో ఆపుకోలేక నవ్వారు.

అన్నట్టే పెద్దిళ్ల పని పోయింది. సూయె సంత వీధిలో పిల్లల చెప్పులకు పులి మొహాలు కుడుతూ గంజితో సరిపెట్టుకుంది. పస్తులున్న రోజులూ ఉన్నాయి. ఒకరోజు హో వచ్చాడు.

"ఇప్పటికైనా దొరగారి కాళ్ల మీద పడు, పని ఇప్పిస్తాను."

సూయె దారం పళ్లతో పుటుక్కున తెంపింది.

"అమ్మగారి బాతును తిప్పింది నేను. దొరగారి బాతును తిప్పింది మీరు. ముందు మీరెళ్లి పడండి దివానుగారూ!"